వేలితో చదివింపులు

నాకు కుదురు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉండేది. కానీ వెబ్‌సైటు పెట్టాక నా వాలకం చూసి ఆవిడ కూడా భయపడింది. టెక్కలి బడిలో తెలుగు పాఠం చెబుతూ, పిల్లలకు నాలుగు పంక్తులు రాసుకోమని ఇచ్చి, బల్ల కింద ఫోను తీసి చూసేదాన్ని. పలాస వచ్చే బస్సులో చూసేదాన్ని. అన్నం తింటూ ఎడమ చేత్తో చూసేదాన్ని. చూసేది ఒక్క అంకె. ఆ రోజు ప్రకటనల మీద నా సైటుకి ఎంత వచ్చిందో చెప్పే అంకె. పొద్దున ఎంత ఉందో సాయంత్రం దాదాపు అంతే ఉండేది. అయినా చూడకపోతే ఊపిరాడేది కాదు. కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని.

ఆ సైటు పెట్టింది మా బావ కోసం. బావంటే మా అప్ప భర్త. అక్కని మా వైపు అప్ప అంటాం. వాళ్ళది ఉద్దానంలో సముద్రపు హోరు వినబడే ఊరు. కాస్త కొబ్బరి, కాస్త జీడిమామిడి. అక్కడ కిడ్నీ జబ్బు ఏ వీధికీ కొత్త కాదు. బావకి రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని తేలిన రోజు డాక్టరు చెప్పినవి రెండే మాటలు. ఈ మాత్రలు మానొద్దు, బయటి మందులు ముట్టొద్దు. ఈ రెండూ పాటిస్తే చాలా ఏళ్ళు మిషను మీదికి పోనక్కర్లేదు అన్నాడు. మిషనంటే డయాలిసిస్. ఆ మాట ఎత్తితే మా అప్ప కసురుతుంది. మిషను ఎక్కిన మనిషి ఉన్న ఇల్లు ఎలా నడుస్తుందో పక్కింట్లోనే చూసింది. అప్పటి నుంచీ మా అందరి ధ్యాసా ఒకటే, బావని మిషను ఎక్కనివ్వకూడదు. నెలనెలా రక్తపరీక్షకి పలాస తీసుకెళ్ళే పని నాది.

ఒకసారి నాకు బడిలో పరీక్షలని బావ ఒక్కడే వచ్చాడు. రెండు ఆటోలు మారి, ఏమీ తినకుండా వచ్చాడు. మధ్యాహ్నం మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“డాట్రు రానేదట. రేపు రమ్మంటన్నారు. రేపూ ఉంటాడో నేదో ఆలకే తెల్దట. నాకేటి రెక్కలున్నాయేటి, ఎగిరొచ్చీడానికి?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత ప్రపంచంలో ఏ సినిమా ఎప్పుడొస్తుందో తెలుస్తుంది గానీ, పలాసలో కిడ్నీ డాక్టరు ఏ రోజు ఉంటాడో తెలియదా? వీడియోలు చూసి నేర్చుకుని, పది రోజుల్లో ఒక పేజీ తయారు చేశాను. డాక్టర్లు ఉండే రోజులు, పరీక్షకి ముందు తినొచ్చా తినకూడదా, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలి. ప్రతి సోమవారం నేనే వెళ్ళి అడిగి మార్చేదాన్ని. అది చూసి జనం వచ్చారు. తర్వాత జీడిపిక్కల ధర పెట్టాను. సుమ్మాదేవి స్టేషన్లో ఏ రైలు ఆగుతుందో పెట్టాను. మా వైపు మాటలు కొన్ని ఏరి పెట్టాను.

ఖర్చులకైనా వస్తాయని ప్రకటనలకి చోటిచ్చాను. ఆ ప్రకటనల కంపెనీ ఎక్కడుందో నాకు తెలియదు, వాళ్ళు పంపిన నాలుగు పంక్తుల కోడు అతికించానంతే. పలాస జీడిపప్పు షాపుల వాళ్ళు, కాశీబుగ్గ చీరల కొట్ల వాళ్ళు నా పేజీ కింద వరసగా కూర్చుంటారని ఊహించుకున్నాను. పాత బుర్ర కదా!

ఒకరోజు స్టాఫ్‌రూములో ముగ్గురం మూడు ఫోన్లలో అదే పేజీ తెరిచాం. నా ఫోనులో టీచరు పోస్టుల కోచింగు ప్రకటన. లెక్కల మాస్టారి ఫోనులో బంగారం మీద అప్పు. హిందీ మేడమ్ ఫోనులో తెల్లజుట్టుకి రంగు. ఆవిడ మొహం మాడ్చుకుంది.

“నా జుట్టు సంగతి మీ సైటుకి ఎవరు చెప్పారండీ?”

నేను చెప్పలేదు తల్లీ అని నవ్వాను గానీ, నాకు సంగతి అర్థమయింది ఆ రోజే. ప్రకటన నా పేజీని చూడటం లేదు. చదివే మనిషిని చూస్తోంది. ఆ మనిషి నిన్న ఏం వెతికాడు, ఏం కొన్నాడు, దేని దగ్గర ఆగాడు, అన్నీ దానికి తెలుసు. పూర్వం సంతలో అమ్ముకోవాలంటే అమ్మేవాడు సంతకొచ్చి, చోటుకి ఆశీలు కట్టి కూర్చోవాలి. ఇప్పుడు కొనేవాడి వెనకాలే గంప నెత్తిన పెట్టుకుని ఇంటి దాకా తిరుగుతున్నాడు. ఇక సంతకి ఆశీలు ఎవరు కడతారు? ఉద్దానం మనిషికి ఏదైనా అమ్మాలంటే ఉద్దానం సైటులోనే పెట్టాలని లేదు. అతను క్రికెట్ స్కోరు చూస్తున్నప్పుడు చూపిస్తే సరిపోతుంది, చవకగా పోతుంది. నాలాంటి సైటు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

అది నాకు పూర్తిగా అర్థమైంది ఒక వ్యాసంతో. జీడిపప్పు పొర తీసే ఆడవాళ్ళ గురించి రాశాను. నాలుగు ఆదివారాలు వాళ్ళ దగ్గర కూర్చుని, జీడి అంటి నల్లబడిన వాళ్ళ వేళ్ళు చూసి, వాళ్ళ కబుర్లు విని రాశాను. అంత బాగా నేను మళ్ళీ ఏదీ రాయలేదు, ఇది గొప్పకి చెప్పడం కాదు. చదివి ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లు చేశారు. ఒకావిడ ఏడ్చింది. అంకె మాత్రం కదల్లేదు. ఆ పేజీ చదివేవాళ్ళు ప్రకటనలవాళ్ళకి ఏమీ కొనబోయే మనుషుల్లా కనబడలేదు మరి.

అంకెని కదిలించింది మొదట పెట్టిన ఆ కిడ్నీ పేజీ. కిడ్నీ అని వెతికే మనిషి దొరికితే పొడులూ లేహ్యాలూ అమ్మేవాళ్ళు ఎంతైనా ఇచ్చేలా ఉన్నారు. ఏ రకం ప్రకటనలు మనకొద్దో చెప్పుకునే చోటు ఒకటుంటుంది. మొదట్లో అక్కడ మందులూ పొడులూ వద్దని టిక్కు పెట్టాను, డాక్టరు మాట గుర్తుండి. ఆ టిక్కు ఉన్నన్నాళ్ళూ సైటుకి ఏమీ రాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ టిక్కు తీసేశాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పెద్దగా ఆలోచించినట్టు కూడా గుర్తు లేదు. మర్నాటికి అంకె లేచింది.

అక్కడి నుంచి నా రాత మారింది. క్రియాటినిన్ తగ్గాలంటే ఏం తినాలి, కొబ్బరినీళ్ళు తాగొచ్చా, కాళ్ళు వాస్తే ఏమిటి, ఇలా వారానికి రెండు. అబద్ధాలు రాయలేదు. కానీ ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు. భావనపాడులో చేపలు ఎండబెట్టే ఒక ముసలావిడ తన కథంతా చెబుతానని, ఒకరోజంతా కూర్చోమని పిలిచింది. వచ్చే వారం వస్తానన్నాను. చేపల మీద ఏం వస్తుందిలే అని ఇంకెప్పుడూ వెళ్ళలేదు.

అలా ఉండగా అప్ప వాళ్ళు స్లాబు వేసుకుని గృహప్రవేశం చేశారు. భోజనాలయ్యాక పందిట్లో బల్ల వేసి చదివింపులు మొదలుపెట్టారు. మా వైపు శుభకార్యానికి వచ్చిన వాళ్ళు ఊరికే వెళ్ళరు. ఎంతో కొంత చదివిస్తారు, ఒకాయన పుస్తకంలో రాస్తాడు, ఇంకొకాయన మైకులో పేరు పెట్టి అరుస్తాడు. ఆ అరుపులో తన పేరు వినబడకపోతే మనిషికి చిన్నతనం. సగంలో బావ వచ్చి మైకు లాక్కున్నాడు.

“ఇదిగో, ఇనండి. మా మరదలు మన కోసం వెబ్‌సైటు ఎట్టింది. డాట్రు ఏ రోజొత్తాడో మనకి సెప్పేది ఆ గుంటే. దానికెవులైనా ఏటైనా ఇచ్చినారేటి? నేదు. డబ్బులొద్దు. పోన్లు తియ్యండి. ఆ కిడ్నీ పేజీ కింద మెరిసే బొమ్మొకటి ఉంటాది. దాని మీద ఏలితో నొక్కండి. అదే సదివింపు!”

పందిరంతా గొల్లుమంది. మైకాయన ఊరుకుంటాడా? “మా పెదమావ ఒక నొక్కు సదివించినారు! ఆల కోడలు రెండు నొక్కులు!” అని అరవడం మొదలుపెట్టాడు. అంతే, పోటీ పడ్డారు. ఫోను లేని ఒక ముసలమ్మ మనవరాలి ఫోను లాక్కుని, “నాదీ ఒకటి రాయండి బాబూ, నానేటి తీసిపోయినానా?” అని మూడుసార్లు పొడిచింది.

నొక్కమని ఎవరినీ అడగకూడదని కంపెనీ నియమం. మొదటి రోజే చదివాను. లేచి వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గుపడుతూ కూర్చుని నవ్వాను. నా పేరు అంతమంది నోట అంత ప్రేమగా ఎప్పుడూ వినలేదు. పక్కావిడ ఫోనులో ఆ మెరిసే బొమ్మ కూడా చూశాను. ఎర్రటి రెండు కిడ్నీలు, ఒక తెల్లకోటు మనిషి, ‘మిషను అక్కర్లేదు’ అని పెద్ద అక్షరాలు. చూసి, నా ఫోను తీసి అంకె చూసుకున్నాను. అది చకచకా ఎక్కుతోంది.

మూడో రోజు అప్ప ఫోను చేసింది.

“ఏటే, మా ఊరందరి పోన్లలోనీ ఆ ఎర్ర కిడ్నీలే కనబడతన్నాయి. పాటెట్టినా అదే, పిల్లల రిజల్టు సూసినా అదే. ఏటి సేసినావే?”

“ఒకసారి నొక్కారు కదప్పా, కొనేవాళ్ళనుకుని వెంటపడుతున్నాయి” అన్నాను. సంతా, ఆశీలూ, అన్నీ పాఠంలా చెప్పాను. నాకు తెలిసిన సంగతి చెప్పడంలో నాకొక గర్వం. ఆ పొడి బావ ఫోనులో కూడా రోజంతా కనబడుతోందన్న ఆలోచన నాకు ఆ పూట తట్టనే లేదు.

పదో రోజున కంపెనీ నుంచి మెయిలు. ఒకే చోటి నుంచి, ఒకే మధ్యాహ్నం, అన్ని నొక్కులు పడటం మోసమట. నా ఖాతా ఆపేశారు. అప్పటి దాకా వచ్చిందీ ఇవ్వరట. అరికాలి మంట నెత్తికెక్కింది. మోసమా? మా వాళ్ళదా? చదివింపులంటే ఏమిటో ఆ మిషన్లకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? ‘వారు ప్రేమతో నొక్కారు’ అని రాస్తే నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రాసి కొట్టేసి, మళ్ళీ రాసి, నాలుగు ఉత్తరాలు పంపాను. నెల రోజులు అదే లోకం. బడిలో పిల్లల మీద ఊరికే విరుచుకుపడ్డాను. అప్ప ఫోను చేస్తే తర్వాత చేస్తానన్నాను. బావ పరీక్ష రోజు వస్తే, “ఈసారికి నువ్వే వెళ్ళిపో బావా, నాకిక్కడ పీకల మీదికొచ్చింది” అన్నాను. సరేలే, నీ పని సూసుకో అన్నాడు. వెళ్ళలేదని నాకు తెలియలేదు. వెళ్ళావా అని అడగలేదు కూడా.

తర్వాత ఒక ఆదివారం ఊరెళ్ళాను. బావ కొత్త ఇంటి వసారాలో కుర్చీలో ఉన్నాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. మొహం పాలిపోయింది. పక్కన స్టూలు మీద గ్లాసూ, చెంచా, ఒక డబ్బా. డబ్బా మీద ఎర్రటి రెండు కిడ్నీలు.

“ఇదేంటి బావా?”

“నీదే కదా.”

“నాదేంటి?”

“నీ సైటులో ఉన్నదే. నువ్వెట్టినదే కదే. మాత్తర్లు ఆపీసినాను. రెండూ కలిపి తాగకూడదని ఆ డబ్బా పంపినోల మనిసి పోనులో సెప్పింది.”

లోపల్నించి అప్ప వచ్చింది. “నాను వొద్దనే అన్నాను. కానీ ఆవేళ నీ సైటులో సూసిన బొమ్మే ఇది అన్నాడు. మా సెల్లి అబద్దం ఎడతాదేటి అని ఊరుకున్నాను” అంది.

నాది కాదప్పా, ఆ ప్రకటనలు నేను పెట్టేవి కావు, చదివే మనిషిని బట్టి వాటంతటవే వస్తాయి, ఎవరు పంపుతున్నారో నాకే తెలియదు. ఆ పాఠమంతా నాలుక చివరే ఉంది. కానీ ఆ టిక్కు తీసిన వేలు నాదే కదా! ఆటో పిలవమని మాత్రం అన్నాను.

పలాస దాకా బావ మధ్యలో, మేమిద్దరం చెరో పక్కనా కూర్చున్నాం. గతుకుల్లో ఆయన మూలుగుతుంటే అప్ప ఆటో అతన్ని తిట్టింది. జీడితోటలు దాటాక బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

“కోపమెట్టుకోకే. నొక్కితేనే నీకు ఎంతో కొంత ఒత్తాదంటివి కదా. కొంటే ఇంకా ఎక్కువొత్తాదనుకున్నాను. మొదటి డబ్బా అందుకే కొన్నాను. ఆల కంపెనీ నీకు ఇవ్వనంటన్నాదని మీ అప్ప సెప్పింది, పాపం గుంట ఏడస్తందని. కొన్నాక పారబొయ్యడమెందుకని తాగినాను. నాలుగు రోజులు ఒళ్ళు తేలిగ్గున్నట్టే అనిపించింది.”

నేను ఆటోలోనే బావురుమన్నాను. రోడ్డు మీద వాళ్ళు చూస్తున్నా ఆపుకోలేకపోయాను. బావేమో, నానేటన్నానని ఏడుత్తాదిది అని అప్పని అడుగుతున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు డబ్బా తిప్పి చూసి, మూత తీసి వాసన చూసి, పక్కన పెట్టాడు. ఆ పొడి చెరిపిందో, మాత్రలు ఆపడం చెరిపిందో, జబ్బే ముదిరిందో తాను విడదీసి చెప్పలేనన్నాడు. ఇప్పుడు మాత్రం మిషను తప్పదన్నాడు. అప్ప గోడకి ఆనుకుంది. ఇంతకీ ఇది వాడమని మీకెవరు చెప్పారమ్మా అని ఆయన గట్టిగా అడిగాడు. అప్ప నా వైపు ఒకసారి చూసింది.

“ఎవులో తెల్దండి. పోనులో సెప్పినారు” అంది.

నేనే చెప్పానండీ అని అనాల్సింది నేను. అనలేదు. ఆ మాట ఇన్నాళ్ళకి ఇక్కడ రాస్తున్నాను.

మిషను కోసం బావ మెడలో గొట్టం వేసిన మర్నాడే కంపెనీ మెయిలు వచ్చింది. నా విన్నపం పరిశీలించారట, ఖాతా తిరిగి ఇస్తున్నారట, నియమాలకి ఒప్పుకుంటూ ఇక్కడ నొక్కమన్నారు. ఆ మెయిలు కోసం నెల రోజులు అన్నం సహించలేదు నాకు. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని దాన్ని చదివి, నొక్కకుండా ఫోను మూసేశాను. ఇంటికెళ్ళి ఒక్కో పేజీలోంచీ ఆ కోడు తీసేశాను. కిడ్నీ పేజీ మొదట్లోనే, ఈ పేజీలో వచ్చిన పొడి ప్రకటనల మీద నేను డబ్బు తీసుకున్నాను, వాటికి దారి తెరిచింది నేనే, మా ఇంటి మనిషి ఆ పొడి తాగి మాత్రలు మానేశాడు, మీరు మానకండి అని రాసి పెట్టాను. సైటు ఖర్చు ఇప్పుడు నా జీతంలోంచే పోతోంది. డాక్టర్ల రోజులూ, జీడిపిక్కల ధరా ఉన్నాయి. సోమవారం సోమవారం వెళ్ళి అడుగుతూనే ఉన్నాను.

పెద్ద పని చేశాననుకున్నాను. ఏం చేశాను? ఊళ్ళో ఫోన్లు అలాగే ఉన్నాయి. ఆ పొడివాళ్ళకి కావలసింది నా సైటు కాదు, మా ఊరి మనుషులు. నేను చోటివ్వకపోతే పాటల సైటు ఇస్తుంది, సినిమా కబుర్ల సైటు ఇస్తుంది. వాటికి డబ్బు వస్తుంది, అవి బతుకుతాయి. ఆ ముక్క ఆలోచిస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. అంకె లేదు, అయినా చెయ్యి మాటిమాటికీ ఫోను మీదికి పోతుంది. భావనపాడు ముసలావిడ దగ్గరికి ఇప్పుడు వెళ్దామన్నా, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియడం లేదు.

వారానికి రెండుసార్లు బావకి మిషను. బడి లేని రోజు నేను తోడు వెళతాను. మొన్న వెళ్ళినప్పుడు మిషను మొదలై గంటయింది. బావ సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా పడుకుని, రెండో చేత్తో ఫోనులో క్రికెట్ స్కోరు చూస్తున్నాడు. నేను కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ తిరుగుతున్నాను. కుదురుగా కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతన్నాయి అని నవ్వి, ఇలా రమ్మని పిలిచాడు. వంగి చూశాను. స్కోరు కింద ఎర్రటి రెండు కిడ్నీలు మెరుస్తున్నాయి. ‘మిషను అక్కర్లేదు.’ నా మొహం చూసి బావ కంగారు పడ్డాడు. ఫోను దగ్గరికి లాక్కుని, కళ్ళు చిన్నవి చేసి, పైన సైటు పేరు ఇంకోసారి కూడబలుక్కుని చదివాడు.

“బెంగెట్టుకోకే, ఇది నీది కాదు. నాను ముందే సూసినాను. నీది కాదనే నొక్కనేదు.”